రాతక్క రాసిన వాక్యం

ఆ సహాయ కేంద్రానికి వచ్చినవాళ్ళెవరైనా ముందుగా చేసే పని రొప్పడం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కింద మందుల షాపు, మధ్యలో టైపింగు నేర్పే స్కూలు, ఆ పైన ఇది. ఇంట్లో తన్నులు తిన్నవాళ్ళు, దారిలో దొంగల చేతికి చిక్కినవాళ్ళు, పై అధికారి చేత నానా మాటలు పడ్డవాళ్ళు, అందరూ ఆ యాభై నాలుగు మెట్లూ ఎక్కాల్సిందే. దీన్ని మూడో అంతస్తులో పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, ఆ మహానుభావుడు విరిగిన కాలితో ఎప్పుడూ మెట్లెక్కి ఉండడు.

పైన రెండు గదులు. ముందు గదిలో ఆరు కుర్చీలు, నీళ్ళ క్యాను, పిల్లల కోసం చక్రం ఊడిన బొమ్మ లారీ. వెనక గదిలో ఒక బల్ల, దాని వెనక రాతక్క. తల్లిదండ్రులు ఆవిడకు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడికి వచ్చినవాళ్ళ బాధలన్నీ కాగితం మీద పెట్టేది ఆవిడే కనక రాతక్క అయింది. కోర్టు గుమాస్తాలు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. అది రాతక్క తెచ్చిందే. అంతకు ముందు ఒక ఆడమనిషి మొగుడు పెట్టే బాధ పడలేక బయటికొస్తే ఆ సంగతి పోలీసులకు ఒకసారి, డాక్టరుకు ఒకసారి, లాయరుకు ఒకసారి, ఆఖరికి కోర్టులో నలుగురి ముందు ఇంకోసారి చెప్పాల్సి వచ్చేది. మూడోసారికే సగం మంది విసిగి వచ్చిన దారినే వెనక్కి పోయేవాళ్ళు. రాతక్క కాళ్ళరిగేలా తిరిగి, ఆఫీసర్ల గుమ్మాల ముందు పడిగాపులు పడి, ఏడేళ్ళకు సాధించింది. ఇక్కడ ఒక్కసారి చెబితే చాలు. ఇక్కడ రాసిన కాగితమే స్టేషనుకూ కోర్టుకూ వెళుతుంది. మళ్ళీ ఎవరూ వాళ్ళ నోరు తెరిపించకూడదు. బతుకులో తాను చేసిన మంచి పని ఏదంటే ఇదొక్కటే అని ఆవిడ నమ్మకం. దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

వచ్చినవాళ్ళు జరిగింది కలగాపులగంగా చెబుతారు. మొన్నటిది ముందు, పదేళ్ళ నాటిది తరవాత, మధ్యలో పక్కింటివాళ్ళ కుక్క సంగతి. రాతక్క తొమ్మిది ప్రశ్నలు వేసి, చిక్కు విప్పి, నలభై నిమిషాల్లో రెండు పేజీలు రాసి సంతకానికి పెడుతుంది. "మీ కాగితం వచ్చిందంటే నా పని సగం తగ్గినట్టేనమ్మా" అని జడ్జిగారు ఒకసారి నిండు కోర్టులో అన్నారు. ఆ రోజు ఆవిడ బస్సు సంగతి మరిచిపోయి ఇంటిదాకా నడిచే వెళ్ళింది.

పంతొమ్మిదేళ్ళు ఒకే పని చేస్తే ఏ చేతికైనా ఒక వాలు పడుతుంది. మాటలు వాటంతటవే వచ్చి వరసలో నిలబడతాయి. కొన్ని వాక్యాలు రాతక్క నిద్రలో కూడా రాయగలదు. ఈ మధ్య నిజంగా నిద్రలోనే రాస్తోందనాలి. నలుగురు చేసే పని ఇద్దరి మీద పడింది. ఒకామె రాజీనామా ఇచ్చి మొక్కల నర్సరీ పెట్టుకుంది. "మొక్కలు ఏమీ చెప్పుకోవక్కా" అంది వెళుతూ. ఒకాయన నెల సెలవు పెట్టి మళ్ళీ కనిపించలేదు. మూడో ఆవిడ ఎందుకు మానేసిందో ఎవరూ అడగలేదు, అడిగే ఓపిక లేక. వాళ్ళ ముగ్గురి బదులూ ఒక కొత్తమ్మాయిని వేశారు. ఒక మనిషి చెప్పేది రాసుకోవడానికి ఆ పిల్లకు పూటంతా పడుతుంది. "నువ్వు రాసి ముగించేలోపు వాళ్ళ మొగుళ్ళు ముసలివాళ్ళయిపోతారే" అని రాతక్క సణుగుతుంది.

ఇంట్లోనూ అదే వరస. చెల్లెలు ఫోన్ చేసి కోడలికీ తనకూ పడటం లేదని మొదలుపెడితే, అయ్యో అనడానికి ముందే "ఎప్పటి నుంచి?" అంటుంది. భర్త రిటైరైన బస్సు కండక్టరు, నోటి దురుసు ఆ ఉద్యోగంతో పాటు పోలేదు. "మీ అక్కకి నా తలనొప్పి గురించి చెప్పాలన్నా తేదీ, సమయం, ఇద్దరు సాక్షులు కావాలి" అని మరదలితో అంటాడు. రాతక్క నవ్వదు. కోపం వచ్చి కాదు, నవ్వడానికీ కాస్త శక్తి కావాలి కదా.

ఇలా ఉండగా మూడు వారాల కిందట బేకరీ ఆవిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. బేకరీలో రొట్టెల ట్రేలు దించే పని. ముంజేతుల మీద ఆ ట్రేలు కాల్చిన పాత మచ్చలు. ఎనిమిదేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని, భుజాన ఒకే ఒక్క సంచీతో వచ్చింది. మొగుడు వడ్రంగి మేస్త్రి, ఊళ్ళో మంచి పేరున్నవాడు. ఆ రోజు రాతక్కకు అది ఐదో స్టేట్‌మెంటు. నలభై నిమిషాల్లో రాసింది. బేకరీ ఆవిడ చదువుకుని సంతకం పెట్టింది. జడ్జిగారు ఆ కాగితం చూసి ఆర్డరిచ్చారు. మేస్త్రి మూడు వారాల పాటు వాళ్ళిద్దరి దరిదాపులకు రాకూడదు, పాప తల్లి దగ్గరే ఉండాలి. తల్లీకూతుళ్ళను ఆడవాళ్ళ వసతి గృహంలో ఉంచారు. ఆర్డరును పొడిగించాలో కొట్టేయాలో తేలే వాయిదా ఈ రోజు.

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని రాతక్క కళ్ళు మూసుకుంది. ఐదు నిమిషాలు కునుకు తీస్తే ప్రాణం లేచొస్తుందనుకుంది. అంతలో కేంద్రం తరఫున వాదించే లాయరు వచ్చి పక్కన కూలబడ్డాడు. చిన్నవాడు, మనసున్నవాడు, ఫైళ్ళు మోసి మోసి ఒక భుజం వంగినవాడు.

"అక్కా, కొంప మునిగింది."

"ఎవరిది?"

"మనదే. అవతలి లాయరమ్మ మీ పాత కాగితాలు మూడు బయటికి తీసింది. ఈవిడదానితో కలిపి నాలుగు. చూడండి."

నాలుగు కాగితాలు. నాలుగూ తన చేతిరాతే. నాలుగింటిలోనూ ఒకే చోట ఎర్ర సిరాతో గీత. "నన్ను గదిలో బంధించి, విచక్షణ లేకుండా కొట్టి, ఎవరికైనా చెబితే చంపుతానని బెదిరించాడు. ఇకమీదట ఆ ఇంట్లో ఉంటే నా ప్రాణాలకు ముప్పని భయపడుతున్నాను." అక్షరం పొల్లు పోకుండా నాలుగింటిలోనూ అదే.

"అందరి బాధా ఒకటే అయినప్పుడు మాటా ఒకటే ఉంటుంది. అందులో ఏముంది?" అంది రాతక్క, గొంతులో పౌరుషం తెచ్చుకుని.

"ఆ మాట నేనూ అనగలను. కానీ డాక్టరు రిపోర్టు ఉందే. అదే రోజు చూశారు. చేతుల మీద పనిలో కాలిన మచ్చలు తప్ప ఒంటి మీద దెబ్బలేవీ లేవని రాశారు. విచక్షణ లేకుండా కొడితే చిన్న కమిలిన గుర్తయినా ఉండదా అని అడుగుతారు. కొట్టడం అబద్ధమైతే మిగతాదంతా అబద్ధమే అంటారు. ఆర్డరు కొట్టేస్తే సాయంత్రానికి పాపను తండ్రింటికి పంపాలి. పాప అక్కడుంటే ఈవిడ ఇక్కడ ఆగుతుందా, మీరే చెప్పండి."

రాతక్క సంచీలోంచి చిత్తు పుస్తకం తీసింది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగా ముక్కలు ముక్కలుగా రాసుకునేది అందులోనే. ఆ తేదీ దొరికింది. ఆ రోజు ఐదో పేరు కింద నాలుగు లైన్లు. "వడ్రంగి. తలుపులకు లోపలి గడియలు తీసేశాడు. బయట కొత్తవి వేశాడు. పాపకు 8." పేజీ తిప్పి చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. కొట్టాడన్న మాట ఎక్కడా లేదు. బేకరీ ఆవిడ ఆ మాట అనలేదు. గదిలో బంధించి అని చెయ్యి మొదలుపెట్టింది, మిగతా వాక్యం అలవాటు కొద్దీ దాని వెంట తనే నడిచి వచ్చేసింది.

రాతక్క పుస్తకం మూసింది. పంతొమ్మిదేళ్ళలో తను ఎవరికీ అపకారం చేయలేదనుకుంటూ బతికిన మనిషి.

"తమ్ముడూ, ఇది నా తప్పు. ఆవిడ కొట్టాడని అనలేదు. నేనే రాశాను."

లాయరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ ముక్క ఇక్కడే ఆపేయండి. కాగితం మీద ఆవిడ సంతకం ఉంది. కొట్టాడు, గుర్తులు పడని చోట కొట్టాడు అని ఒక్క మాట ఆవిడ అంటే చాలు. కాదని రుజువు చేయడం వాళ్ళ తరం కాదు. మీరు తప్పొప్పుకున్నారనుకోండి, ఈ ఒక్క కేసుతో ఆగదు. మీరు రాసిన ప్రతి కాగితాన్నీ పట్టుకుని పీకుతారు. ఒక్కసారి చెబితే చాలన్న మీ పద్ధతిని పాతరేస్తారు. ఏడేళ్ళు తిరిగి సాధించారు కదక్కా."

అతను అన్నది నిజమే. రాతక్క లేచి వరండా చివరకు నడిచింది. దారిలో ఎదురు బల్ల మీద మేస్త్రి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. ఎవరో ముసలావిడ వస్తే లేచి చోటిచ్చాడు. చూసినవాళ్ళెవరైనా ఇలాంటి అల్లుడు దొరకడం అదృష్టం అనుకునేలా ఉన్నాడు.

బేకరీ ఆవిడ గోడవైపు తిరిగి నిలబడి ఉంది. పాపను వసతి గృహంలో వార్డెన్ దగ్గర వదిలి వచ్చింది.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. ఆ రోజు కాగితం చదివే సంతకం పెట్టారా?"

"చదివానక్కా. రెండుసార్లు చదివాను."

"మరి అందులో కొట్టాడని ఉంది. మీరు నాతో ఆ మాట అనలేదు."

"అనలేదు. ఆయన ఎప్పుడూ కొట్టలేదు."

"మరి నాతో చెప్పలేదేం, ఇది తప్పని?"

బేకరీ ఆవిడ చీర కొంగు మడత సరిచేసుకుంది. చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు ఉంది.

"మీరు ఎంతమందిని చూసుంటారో. మీరే రాశారంటే అంత ఉంటే గానీ సరిపోదేమో అనుకున్నాను. నాది చాలదేమోననిపించింది. ఆ రోజు నుంచీ ఒకటే అనుకుంటున్నా అక్కా. కనీసం ఒక్కసారి కొట్టి ఉంటే బాగుండేదని."

మొగుడు చేసిన గాయం ఎంతదో డాక్టరూ చూడలేదు, రాతక్కా అడగలేదు. ఇది మాత్రం తను చేసింది. రెండు పేజీల మంచి రాతతో, సంతకం కోసం చుక్క పెట్టి మరీ చేసింది. ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే ఆవిడే కంగారుపడి ఓదార్చాల్సి వస్తుందని ఆగిపోయింది.

"లాయరు బాబు ఇందాక అడిగారు, కొట్టాడని చెప్పగలవా అని" అంది బేకరీ ఆవిడ. "చెప్పమంటే చెబుతాను. పాప కోసం ఏమైనా చెబుతాను."

"మీరేం చెప్పొద్దు" అంది రాతక్క.

కోర్టు హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి జడ్జిగారి దాకానే వస్తోంది. అవతలి లాయరమ్మ గొంతు పెంచే రకం కాదు. బడిపిల్లలకు పాఠం చెబుతున్నంత నెమ్మదిగా నాలుగు కాగితాలూ చదివింది. ఇవి నలుగురు వేర్వేరు ఆడవాళ్ళు, నలుగురు వేర్వేరు భర్తల మీద చెప్పిన మాటలని, బాధ వేరయినా భాష మాత్రం ఎక్కడా మారలేదని అంది. హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. తరవాత డాక్టరు రిపోర్టు చదివి కూర్చుంది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని రాతక్క వైపు చూశారు.

ఆ రెండు నిమిషాల్లో రాతక్క మనసు పోని చోటు లేదు. ఏడేళ్ళ తిరుగుడు గుర్తొచ్చింది. తప్పొప్పుకోకుండానే ఈ గండం గడిచే దారి ఏదైనా ఉందా అని వెతికింది. పక్కన బేకరీ ఆవిడ అబద్ధం చెప్పడానికి సిద్ధపడి, పెదవులు కదుపుతూ ఆ మాటను లోపల్లోపల వల్లె వేసుకుంటోంది. అది చూశాక ఇంక కూర్చోలేకపోయింది.

"సార్, ఆ వాక్యం ఆవిడది కాదు. నాది."

లాయరు తమ్ముడు తల పట్టుకున్నాడు.

"ఆవిడ కొట్టాడని చెప్పలేదు. నేను అలవాటులో రాసేశాను. ఆవిడ అబద్ధమాడలేదు. నేను సరిగా వినలేదు. నా చిత్తు పుస్తకం ఇదిగో, ఆవిడ అన్న మాటలు ఇందులో ఉన్నాయి." పుస్తకం గుమాస్తాకు ఇచ్చింది.

అవతలి లాయరమ్మ వెంటనే లేచింది. "వాంగ్మూలం తప్పని వాళ్ళే ఒప్పుకున్నారు కనక ఆర్డరు నిలవదండి."

జడ్జిగారు ఆ చిత్తు పుస్తకంలోని నాలుగు లైన్లూ చాలాసేపు చదివారు. అంతసేపు చదవడానికి అందులో ఏమీ లేదు. ఆఖరికి బేకరీ ఆవిడను ముందుకు రమ్మన్నారు.

"గడియల సంగతి ఏమిటమ్మా?"

బేకరీ ఆవిడ రాతక్క వైపు తిరిగి చూసింది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నట్టు. రాతక్క తల దించుకుంది.

"మా ఇంట్లో ఏ తలుపుకీ లోపల గడియ లేదండి" అంది బేకరీ ఆవిడ. "పాప పుట్టిన తరవాత ఒక ఆదివారం ఆయన అన్నీ పీకేశాడు. స్నానాల గదిది కూడా. స్క్రూలు పీకిన చిల్లులు పూడ్చి పైన పాలిష్ పెట్టాడు. పని బాగా చేస్తాడండి. చూసినవాళ్ళకు అక్కడ గడియ ఉండేదని కూడా తెలియదు. బయటవైపు మాత్రం కొత్తవి వేశాడు, ఇత్తడివి. రోజూ బేకరీ దగ్గర ఆయనే దించుతాడు, ఆయనే తీసుకెళతాడు. అందరూ నీ అదృష్టం అంటారు. బయటికి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే ఆ వచ్చే ఆదివారం నేను వంటగదిలో, పాప పక్క గదిలో. పొద్దున గడియ వేస్తే దీపాలు పెట్టే వేళకు తీస్తాడు. అరవడు. ఒక్క మాట అనడు. నీళ్ళు కూడా లోపల పెట్టే వేస్తాడు. పాపా నేనూ తలుపు కింద సందులోంచి వేళ్ళు ముట్టుకుంటూ కూర్చుంటాం. ఈ మధ్య దాని వేళ్ళు ఆ సందులో పట్టడం లేదండి. పెద్దదవుతోంది కదా. అందుకే వచ్చేశాను."

రాతక్క వేళ్ళు అలవాటు కొద్దీ పెన్ను కోసం ఒళ్ళో వెతుక్కున్నాయి.

జడ్జిగారు మేస్త్రిని లేవమన్నారు. "మీ ఇంట్లో తలుపులకు లోపల గడియలున్నాయా?"

లాయరమ్మ ఏదో చెప్పబోయింది. మేస్త్రి అప్పటికే వినయంగా నవ్వుతూ జవాబిచ్చేశాడు. "ఇంట్లో మనుషులకు ఇంట్లో గడియలెందుకండి? మొగుడి దగ్గరా తండ్రి దగ్గరా దాచుకోవాల్సింది ఏముంటుంది?"

లాయరమ్మ కూర్చుంది. తన మనిషి తన గొయ్యి తనే తవ్వుకుంటుంటే పార తెచ్చి ఇవ్వాల్సిన అవసరం లేదని ఆవిడకు తెలుసు.

ఆర్డరు నెల రోజులు పొడిగించారు. కోర్టు మనిషి ఆ రోజే ఇంటికి వెళ్ళి తలుపులు చూసి రావాలన్నారు. స్టేట్‌మెంటు మళ్ళీ మొదటి నుంచి తీసుకోవాలన్నారు, రాతక్క కాకుండా ఇంకొకరు. ఆ తరవాత జడ్జిగారు రాతక్కను చూడకుండా చేతిలోని కాగితాలు చూస్తూ అన్నారు.

"నా పని తగ్గుతోందని నేనూ సంతోషించానమ్మా. అది నా తప్పు. కానీ ఇకమీదట మీ రాత ఈ కోర్టుకు రాకూడదు. ఈ ఏడాది మీరు రాసినవాటిలో ఇక్కడ ఇంకా తేలనివన్నీ ఇంకొకరు మళ్ళీ తీసుకోవాలి. ఎన్ని ఉన్నాయి?"

"ఇరవై ఆరండి."

"నెల గడువిస్తున్నాను."

వరండాలోకి వచ్చాక లాయరు తమ్ముడు ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "గెలిచామక్కా" అన్నాడు. ఆ మాట ఇద్దరిలో ఎవరికీ ఆనలేదు.

మర్నాడు పదింటికి బేకరీ ఆవిడ కేంద్రం మెట్లెక్కి వచ్చింది. వెనక గదిలో బల్ల వెనక కొత్తమ్మాయి కూర్చుంది, పరీక్షకు వచ్చిన పిల్లలా నిటారుగా. రాతక్క ముందు గదిలో కుర్చీలోంచి లేచింది.

"అమ్మా, నేనూ లోపల కూర్చోనా? రాయను. ఊరికే తోడుగా."

బేకరీ ఆవిడ మొహమాటపడింది. తరవాత మొహమాటం పక్కన పెట్టింది.

"వద్దక్కా. మీరుంటే నేను చెప్పబోయేది మీకు ముందే తెలుసనిపిస్తుంది. నోరు రాదు."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. తలుపు మూసుకుంది. రాతక్క వచ్చి కిటికీ పక్క కుర్చీలో, వచ్చినవాళ్ళు కూర్చునే చోట కూర్చుంది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టిదని పంతొమ్మిదేళ్ళలో ఆవిడకు తెలియదు.

ఒళ్ళో ఇరవై ఆరు పేర్ల జాబితా. అందరికీ ఫోన్ చేసి మళ్ళీ రమ్మని చెప్పాలి. మొదటి పేరు ఆస్పత్రిలో ఆయా. ఎనిమిది నెలల కిందట సంతకం పెట్టి, ఇక ఆ సంగతి మరిచిపోవచ్చా అక్కా అని అడిగి వెళ్ళిన మనిషి. ఏమని చెప్పాలి. అమ్మా, క్షమించు, ఇంకొకసారి... అక్కడి దాకా వచ్చి రాతక్క ఫోన్ ఒళ్ళో పెట్టేస్తోంది. మళ్ళీ తీస్తోంది. అంకెలు సగం నొక్కి చెరిపేస్తోంది. వాళ్ళ చేత రెండోసారి చెప్పించకూడదనే కదా ఇంతకాలం తన ప్రాణం ధారపోసింది. ఇప్పుడు ఆ రెండోసారికి పిలిచే పనీ తనకే పడింది.

పన్నెండు దాటాక భర్త ఫోన్ చేశాడు.

"అన్నం తిన్నావా?"

"లేదు."

"ఎప్పటి నుంచి?" అన్నాడాయన. వేళాకోళం ఆడబోయి, ఇటు నుంచి ఏ శబ్దమూ రాకపోయేసరికి తగ్గాడు. "సరేలే. నేను డబ్బా తెచ్చి మెట్ల కింద ఉంటాను. పైకి మాత్రం రాలేను, మోకాళ్ళు ఒప్పుకోవు."

లోపల నుంచి మాటలు అందడం లేదు. ఒక గొంతు నడుస్తున్నట్టు మాత్రం తెలుస్తోంది. కొన్నిసార్లు చాలాసేపు ఆగిపోతోంది. అలా ఆగినప్పుడల్లా తనయితే ఏ ప్రశ్న వేసేదో రాతక్కకు నాలుక చివర ఉంది. లోపల ఆ పిల్ల ఏ ప్రశ్నా వేయడం లేదు. కాసేపటికి గొంతు దానంతటదే మళ్ళీ మొదలవుతోంది.

ఒకటిన్నరకు తలుపు తెరుచుకుంది. బేకరీ ఆవిడ బయటికొచ్చి క్యాను దగ్గర గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని తాగింది. ఏడ్చిన మొహమే. కానీ భుజాలు కాస్త దిగాయి, బరువు మోసి దింపినవాళ్ళకు దిగినట్టు.

"అయిపోయిందా అమ్మా?"

"లేదక్కా. కాగితాలు అయిపోయాయి. ఆ అమ్మాయి ఇంకో కట్ట ఇమ్మంది."

"ఎంతవరకు వచ్చారు?"

బేకరీ ఆవిడ గ్లాసు బోర్లించింది.

"పాప పుట్టేదాకా వచ్చాం."

మూడున్నర గంటలు. రాతక్క లెక్క వేయకూడదనుకుంటూనే లెక్క వేసింది. ఆ గడియలు పీకిన ఆదివారం ఇంకా రానే లేదు. ఎనిమిదేళ్ళు ఇంకా బాకీ ఉన్నాయి. ఇరవై ఆరుమందిని రెండోసారి చెప్పమని ఎలా అడగాలా అని పొద్దుటి నుంచీ కుమిలిపోయింది. వాళ్ళలో ఒక్కరైనా తన దగ్గర మొదటిసారి చెప్పారా అన్నది ఇప్పుడు తట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకునే ఓపిక కూడా లేకపోయింది.

లేచి వెళ్ళి బీరువా తెరిచింది. తెల్ల కాగితాల కట్ట ఒకటి తీసింది. కాసేపు చేతిలో పట్టుకుని నిలబడి, ఇంకొకటి కూడా తీసి, రెండూ బేకరీ ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ఒకటి వెనక్కి ఇవ్వబోయింది. ఇవ్వలేదు. రెండూ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.